ఉబ్బిన బ్యాటరీని సూదితో గుచ్చమన్న మెసేజ్‌కు జవాబు

రిమోట్ కార్లు నడిపే పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. హన్మకొండ నుంచి ఇద్దరు, కరీంనగర్ నుంచి ఒకరు నాకే పంపారు. అందులో ఐదు సలహాలున్నాయి. బ్రష్‌లెస్ కారు (బ్రష్‌లు లేని మోటర్‌తో నడిచేది) కదలకుండా వణికితే మోటర్ కాలిపోయినట్టే, కొత్తది కొనాలి. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి దాచాలి. బ్యాటరీ ఉబ్బితే సూదితో గుచ్చి, గాలి తీసి, టేపు వేస్తే మళ్లీ పనిచేస్తుంది. కేవీ ఎక్కువున్న మోటర్ వేస్తే పవర్ పెరుగుతుంది. మోటర్ వేడెక్కితే నీళ్లు చల్లితే చాలు.

వరసలో మూడోదే అయినా సూది మాట ముందు తేల్చాలి. అది ఇల్లు కాల్చే సలహా.

ఉబ్బిన బ్యాటరీలో ఉన్నది గాలి కాదు. లైపో సెల్ లోపల పల్చటి రాగి రేకులు, అల్యూమినియం రేకులు పొరలు పొరలుగా ఉంటాయి. వాటి మధ్య అడ్డుగా ఉండేది ఉల్లిపొర లాంటి ప్లాస్టిక్. ఇదంతా మండే స్వభావమున్న ద్రవంలో తడిసి ఉంటుంది. ఎక్కువ చార్జ్ చేసినా, మరీ ఖాళీ చేసినా, వేడి తగిలినా ఆ ద్రవం విరిగిపోయి వాయువులు పుడతాయి. అవే ఆ ఉబ్బు. సూది దిగితే పై సంచి ఒక్కటే చిల్లు పడదు. లోపలి ప్లాస్టిక్ పొర కూడా చిరిగి, రెండు రేకులు కలిసిపోయి షార్ట్ అవుతుంది. ఆ వేడికి పక్క పొర, దాని వేడికి మరో పొర అంటుకుంటాయి. సెకన్లలో మంట లేవొచ్చు. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు కూడా ఉంటుంది. గుచ్చినప్పుడు ఏమీ కాలేదనుకుని టేపు వేసినా, ఆ చిల్లులోంచి తేమ అప్పటికే లోపలికి పోయి ఉంటుంది. రాత్రి చార్జింగ్‌కు పెడితే అప్పుడు అంటుకోవచ్చు.

ఉబ్బిందంటే దాని పని అయిపోయింది. చార్జ్ చేయొద్దు, నడపొద్దు. కారులోంచి తీసి, ఇసుక పోసిన పాత మట్టికుండలో పెట్టి, వాన పడని చోట బయట ఉంచండి. చెత్త బండిలో వేయొద్దు. అందులో నలిగితే అక్కడ పనిచేసేవాళ్ల చేతుల్లో మంట లేస్తుంది. వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యతను 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు తయారీదారుల మీదే పెట్టాయి. కాబట్టి కొన్న షాపులోనో, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ల దగ్గరో అడగండి. మన దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు స్కూటీ డిక్కీలో బ్యాటరీ వదిలేసి ట్యూషన్‌కు పోయే పిల్లలున్నారు. అమ్మానాన్నలు ఆ డిక్కీ ఒకసారి చూడండి.

ఇక మొదటి మాట. మా మేనల్లుడు తొమ్మిదో తరగతి. పోయిన నెల సుబేదారి నుంచి ఫోన్ చేశాడు: "మామా, మోటర్ ఖతమైందట. కొత్తదానికి మూడు వేల ఐదు వందలయితయట." ఒక షాపులో కారు చూడకుండానే అలా చెప్పారు. కారు తెమ్మన్నాను. ట్రిగ్గర్ నొక్కితే చక్రాలు కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి గిజగిజలాడుతున్నాయి తప్ప తిరగడం లేదు.

బ్రష్‌లెస్ మోటర్‌కు మూడు వైర్లుంటాయి. ముందుగా ఆ మూడింటినీ ఈఎస్‌సీ (మోటర్‌కు కరెంటు పంపి వేగాన్ని అదుపు చేసే పెట్టె) నుంచి పీకేసి, షాఫ్ట్‌ను, అంటే మోటర్ ఇరుసును, వేళ్లతో తిప్పాను. అయస్కాంతాల వల్ల వచ్చే చిన్న చిన్న గంట్లు అంతటా ఒకేలా తగిలాయి. వైర్లన్నీ విడిగా ఉన్నప్పుడే గట్టిగా పట్టేస్తే లోపల వైండింగ్ (రాగి తీగ చుట్టలు) షార్ట్ అయిందని అనుమానించాలి. తరవాత రెండేసి వైర్ల కొసలు కలిపి తిప్పి చూశాను. అప్పుడు షాఫ్ట్ బరువెక్కుతుంది, మోటరే బ్రేక్ వేసినట్టుంటుంది. మూడు జతల్లోనూ ఆ బరువు ఒకేలా ఉంటే వైండింగ్ తెగలేదని అర్థం. మా వాడి మోటర్‌లో ఒకేలా ఉంది.

అంటే దోషం మోటర్‌లో లేదు. ఈఎస్‌సీ వైపు పసుపు వైరు మీదున్న ష్రింక్ ట్యూబ్‌ను (వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ తొడుగు) బ్లేడుతో కోశాను. వైరు కొసనుండే బుల్లెట్ కనెక్టర్ నా చేతిలోకే ఊడొచ్చింది. లోపల సోల్డర్ మెరుపు లేకుండా, బూడిద రంగులో, గోళీలా ఉంది. వైరు దానికి ఆనుకుని ఉందే కానీ అతుక్కోలేదు. డ్రై సోల్డర్. మూడో వైరుకు కరెంటు అందకపోతే మోటర్ ఎటు తిరగాలో తెలియక ఉన్నచోటే వణుకుతుంది. కొత్త సోల్డర్ పెట్టాం, కారు నడిచింది. ఖర్చు ఒక ష్రింక్ ట్యూబ్ ముక్క.

వణుకుకు వేరే కారణాలూ ఉన్నాయి. సెన్సర్ లేని మోటర్‌లో రోటర్ (లోపల తిరిగే భాగం) ఎక్కడుందో అది తిరిగినప్పుడు పుట్టే వోల్టేజీని బట్టే ఈఎస్‌సీకి తెలుస్తుంది. ఆగి ఉన్నప్పుడు ఆ కబురు ఉండదు కాబట్టి మెల్లగా కదిలేటప్పుడు కొద్దిగా తడబడటం దాని సహజ గుణం. సెన్సర్ ఉన్న మోటర్ అయితే సెన్సర్‌కు పోయే సన్న కేబుల్ వదులైందేమో చూడాలి. బ్యాటరీ నీరసించినా ఇంతే. ఊరికే ఉన్నప్పుడు మీటర్‌లో వోల్టేజీ బాగానే కనిపించి, ట్రిగ్గర్ నొక్కగానే పడిపోతుంది. స్నేహితుడి దగ్గర మంచి బ్యాటరీ అడిగి పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

ఖాళీ చేసి దాచమనే సలహా పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటిది. లైపోకు అది విషం. ఒక్కో సెల్ 3 వోల్టుల కిందికి పోకూడదు. నిండుగా 4.2 దగ్గర ఉంచి వారాల తరబడి వదిలేయడమూ తప్పే. దాచేటప్పుడు సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర, అంటే రెండు సెల్స్ ప్యాక్ అయితే 7.6 దగ్గర ఉంచాలి. మంచి చార్జర్లలో ఇందుకోసమే స్టోరేజ్ మోడ్ ఉంటుంది. ఈఎస్‌సీ సెట్టింగ్ కూడా చూసుకోండి. అది నికెల్ బ్యాటరీ మోడ్‌లో ఉంటే లైపోను కాపాడాల్సిన చోట కరెంటు కట్ చేయదు.

కేవీ అంటే పవర్ కాదు, లోడ్ లేనప్పుడు ఒక్కో వోల్టుకు మోటర్ నిమిషంలో తిరిగే చుట్లు. 3300 కేవీ మోటర్ 8.4 వోల్టుల మీద 27,720 చుట్లు, 4500 కేవీ మోటర్ 37,800 చుట్లు తిరుగుతాయి. సైజు అదే ఉండి కేవీ పెరిగితే, ఒక్కో ఆంపియర్‌కు వచ్చే లాగే బలం తగ్గుతుంది. గేర్లు మార్చకుండా అలాంటి మోటర్ బిగిస్తే కరెంటు ఎక్కువ లాగి, ఈఎస్‌సీనీ బ్యాటరీనీ కాల్చుకుంటుంది.

నీళ్లు చల్లితే బేరింగులు తుప్పు పడతాయి, వేడికి కారణం అలాగే ఉంటుంది. 80 డిగ్రీలు దాటితే మామూలు రకం నియోడిమియం అయస్కాంతాల బలం శాశ్వతంగా తగ్గుతుంది. మన ఎండాకాలంలో గాలి వేడే 43, 44 దాకా పోతుంది కాబట్టి ఆ హద్దు తొందరగా వస్తుంది. ఐదు నిమిషాలు నడిపాక మోటర్ మీద వేలు రెండు సెకన్లు ఆనించలేకపోతే కారు ఆపి, పినియన్ గేరు (మోటర్ షాఫ్ట్ మీదుండే చిన్న గేరు) రెండు పళ్లు తక్కువున్నది వేయండి. బిగించేటప్పుడు పినియన్‌కూ, అది తిప్పే పెద్ద స్పర్ గేరుకూ మధ్య నోటుబుక్ కాగితం ముక్క పెట్టి, బిగించాక లాగేస్తే సరిపడా సందు మిగులుతుంది.