కిల్డ్ టీకాలో ఏ నూనె ఉందో అడుగుతున్నామా?

షాద్‌నగర్, జడ్చర్ల, చౌటుప్పల్ వైపు కోళ్ల రైతులు కిల్డ్ వ్యాక్సిన్ (చంపిన వైరస్‌తో చేసే టీకా) కొనేటప్పుడు అడిగేవి రెండే. ఏ కంపెనీ, వెయ్యి డోసులు ఎంత? సీసాలో ఏ నూనె ఉందని అడిగినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. అడగాలి. కొక్కెర తెగులుకైనా గంబోరోకైనా, చంపిన వైరస్‌కు తనంతట తానుగా పెద్ద బలం ఉండదు. కోడి ఒంట్లో రక్షణను లేపేది, నెలల తరబడి నిలిపేది దానికి తోడైన నూనే.

మందు చిక్కగా ఉంటేనే పవర్ ఎక్కువని మనవాళ్లకు గట్టి నమ్మకం. అది నిజం కాదు. చిక్కదనం నూనె రకాన్ని, కలిపిన తీరును బట్టి వస్తుంది. వైరస్ ఉన్న నీటి బొట్లను నూనె చుట్టేసిన టీకా, సూది వేసిన చోటే ఉండి కొంచెం కొంచెంగా విడుదలవుతుంది. రక్షణ మెల్లగా మొదలై ఎక్కువ కాలం ఉంటుంది. మాంటనైడ్ ఐఎస్ఏ 70 అనే టీకా నూనెతో చేసేవి ఈ రకమే. బరువులో 70 పాళ్లు నూనె ఉన్నా పలచగానే ఉంటాయి. తెల్లవారుజామున చలిలో వేల కోళ్లకు సూది వేసే కూలీలను అడగండి, ఆ తేడా ఏంటో వాళ్లే చెబుతారు. మందు సూదిలోంచి సరిగ్గా దిగక అర మిల్లీలీటరులో సగమే పడిన కోడి మీద ఏం భరోసా పెట్టుకుంటాం?

నూనె చుట్టూ మళ్లీ నీళ్లుండే రకం త్వరగా పనిచేస్తుంది, త్వరగా తగ్గిపోతుంది. 70 వారాలు దాటి షెడ్డులో ఉండే లేయర్‌కు (గుడ్ల కోడికి) 16–18 వారాల్లో వేసే టీకా విషయంలో నా ఓటు మొదటి రకానికే. మినరల్ ఆయిల్ (పెట్రోలియం నుంచి తీసే నూనె) వల్ల సూది చోట గడ్డ కట్టినా అక్కడ సర్దుకోవచ్చు.

బ్రాయిలర్ సంగతి వేరు. నలభై రోజుల్లో కోతకు వెళ్లే పిల్లకు మొదటి వారంలోనే సూది వేస్తున్నాం. మినరల్ ఆయిల్ ఒంట్లో అంత తొందరగా అరగదు. అమెరికాలో ఇలాంటి టీకాల లేబుళ్ల మీద, కోతకు ముందు 42 రోజుల్లోపు వేయొద్దని ఉంటుంది. మన కోడి బతికేదే అన్ని రోజులు! ఒంట్లో అరిగిపోయే నూనెలతో రక్షణ తక్కువ కాలం ఉంటుందంటారు. బ్రాయిలర్‌కు కావలసిందీ తక్కువ కాలమే కదా. ధర కాస్త ఎక్కువైనా ఆ పిల్లలకు అవే వేయాలి.

ఏ నూనైనా గడ్డకట్టిస్తే పాడైపోతుంది. ఎండలకు భయపడి మా దగ్గర ఒక రైతు సీసాలను డీప్ ఫ్రిజ్‌లో పెట్టాడు. పైన కాస్త నూనె తేలితే టెన్షన్ పడక్కర్లేదు, ఊపితే కలిసిపోతుంది. కానీ అతని సీసాల్లో అడుగున నీళ్లు విడిపోయాయి. ఎంత ఊపినా అది మళ్లీ టీకా కాదు.

ఇంకొకటి. సూది పొరపాటున వేలికి దిగితే, నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. నూనె లోపలే ఉండిపోయి వేలు కుళ్లే ప్రమాదం ఉంది. ఖాళీ సీసా వెంట తీసుకెళ్లాలి. దాని మీద నూనె పేరే లేకపోతే డాక్టర్ ఏం చదువుకోవాలి?