ఛాంపియన్లకు భయం ఉండదన్న మాట ఎంతవరకు నిజం?

టెన్నిస్ నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో, టోర్నమెంట్లు దగ్గరపడినప్పుడల్లా, ఒక సందేశం చేతులు మారుతూ ఉంటుంది. దాని సారాంశం ఇది: టెన్నిస్ తొంభై శాతం మనసుతో ఆడే ఆట, ఒత్తిడిని తట్టుకునే గుండె నిబ్బరం పుట్టుకతో రావాలే తప్ప నేర్పితే వచ్చేది కాదు, అసలైన ఛాంపియన్‌కు భయమే ఉండదు, ఓడిపోతానేమో అన్న ఆలోచనను దరిదాపుల్లోకి రానివ్వకూడదు, ప్రతి పాయింటునూ ఇదే ఆఖరిది అన్నట్టు ఆడాలి, ప్రాక్టీసులో ఎంత తిడితే పిల్లలు మ్యాచ్‌లో అంత రాటుదేలతారు.

చదవడానికి ఉత్సాహంగానే ఉంటుంది. నేను కూడా ఒకటి రెండుసార్లు ఆలోచించకుండా ముందుకు పంపినవాడినే. కాని కొంతకాలం కిందట హైదరాబాద్‌లో ఒక చిన్నపిల్లల మ్యాచ్ చూసిన తరువాత దీనికి సమాధానం రాయాలనిపించింది. పన్నెండేళ్ళు కూడా నిండని ఒక అబ్బాయి 5-4 ఆధిక్యంతో సెట్ కోసం సర్వీస్ చేస్తూ వరుసగా రెండు డబుల్ ఫాల్టులు చేశాడు, అంటే ఒక పాయింటుకు దొరికే రెండు సర్వీస్ అవకాశాలూ తప్పి పాయింటే పోగొట్టుకోవడం రెండుసార్లు జరిగింది. కంచె వెనుక నిలబడిన తండ్రి నా వైపు తిరిగి, "వీడికి గుండె లేదండీ" అన్నాడు. నాకు కనిపించింది వేరు. మ్యాచ్ మొదట్లో ఆ పిల్లవాడు సర్వీస్‌కు ముందు బంతిని నాలుగుసార్లు నేలకు కొట్టి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు పైకి విసిరేవాడు. ఆ గేమ్‌లో రెండో సర్వీస్‌కు ఒక్కసారి కొట్టి, ఊపిరి బిగబట్టి, బంతిని తల వెనక్కి విసిరేశాడు. లోపం గుండెలో లేదు, తొందరలో ఉంది.

పుట్టుకతో రావాలన్న వాదన నుంచే మొదలుపెడదాం, ఎందుకంటే మిగిలినవన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి. మంచుగడ్డలాంటి మనిషి అని ప్రపంచం పిలుచుకున్న స్వీడన్ ఆటగాడు బ్యోర్న్ బోర్గ్, చిన్నతనంలో కోర్టులో రాకెట్ విసిరి, గొడవచేసి, క్లబ్బు నుంచి కొన్ని నెలలపాటు సస్పెండ్ అయినవాడు. అదే బోర్గ్ 1980 వింబుల్డన్ ఫైనల్లో జాన్ మెకన్రో మీద ఏడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు, అంటే గెలిస్తే కప్పు దక్కే పాయింట్లు, చేజార్చుకుని, నాలుగో సెట్ టై బ్రేక్‌ను 18-16తో పోగొట్టుకుని కూడా, అయిదో సెట్‌ను 8-6తో గెలిచాడు. ఆ నిబ్బరం పుట్టుకతోనే ఉండి ఉంటే క్లబ్బువారికి అతన్ని బయటికి పంపే అవసరం వచ్చేది కాదు. నోవాక్ జకోవిచ్ కూడా మానసిక బలం వరం కాదని, సాధనతో వచ్చేదని, ప్రతికూలమైన ఆవేశాలు తనకూ వస్తాయని, వాటిలో ఎంతసేపు ఉండిపోతామన్నదే తేడా అని బహిరంగంగానే చెప్పాడు. ఆ సాధన చేసిన మనిషే 2020 యూఎస్ ఓపెన్‌లో చికాకులో కొట్టిన బంతి లైన్ అంపైర్ గొంతుకు తగలడంతో టోర్నమెంట్ నుంచి అనర్హుడయ్యాడు. అంటే ఇది ఒకసారి సంపాదించి బీరువాలో దాచుకునే ఆస్తి కూడా కాదు.

ఈ విషయంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసిన మ్యాచ్ 1993 వింబుల్డన్ మహిళల ఫైనల్. యానా నొవోత్నా మూడో సెట్‌లో స్టెఫీ గ్రాఫ్ మీద 4-1 ఆధిక్యంలో ఉంది, సర్వీస్ తనదే, స్కోరు 40-30. ఆ ఒక్క పాయింట్ వస్తే 5-1. అక్కడ ఆమె డబుల్ ఫాల్ట్ చేసింది. అంతవరకు ఆలోచించకుండానే సాగిన సర్వీస్, వాలీ, ఓవర్‌హెడ్ ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. వరుసగా అయిదు గేములు పోయాయి. సెట్ 6-4తో గ్రాఫ్‌కు దక్కింది. బహుమతి ప్రదానంలో బ్రిటిష్ రాజకుటుంబానికి చెందిన డచెస్ ఆఫ్ కెంట్ భుజం మీద తలవాల్చి ఆమె ఏడ్చిన దృశ్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆమెకు గుండె లేదని ఆనాడు రాసినవారు ఎందరో. మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఇటువంటి సందర్భానికి చెప్పే వివరణ ఇంతకంటే ఉపయోగకరమైనది: ఏళ్ళ సాధనతో శరీరానికి అలవాటైపోయిన కదలికను, భయం వేసినప్పుడు మనం మళ్ళీ స్పృహతో నడిపించబోతాం, అప్పుడు అది చెడిపోతుంది. చీకట్లో కూడా దిగగలిగే మన ఇంటి మెట్లను, ఏ అడుగు ఎక్కడ పడుతోందో చూసుకుంటూ దిగితే తడబడతామే, అదే ఇది. నొవోత్నా 1997 ఫైనల్లో మార్టినా హింగిస్ చేతిలో మళ్ళీ ఓడి, 1998లో నథాలీ తోజియాను 6-4, 7-6తో ఓడించి అదే కోర్టులో కప్పు అందుకుంది. అయిదేళ్ళ వ్యవధిలో ఆమె గుండెను ఎవరూ మార్చి పెట్టలేదు కదా.

తొంభై శాతం మనసే అన్న లెక్క ఎవరు వేశారో, ఏ త్రాసులో తూచారో సందేశం చెప్పదు. బెలారస్ క్రీడాకారిణి అరీనా సబలెంకా ఉదాహరణ చాలు. 2022లో ఆమె 400కు పైగా డబుల్ ఫాల్టులు చేసింది. చూసిన ప్రతివారూ అది మనసు జబ్బే అన్నారు. చివరికి ఆమె కదలికల శాస్త్రం తెలిసిన నిపుణుడితో కూర్చుని సర్వీస్ నిర్మాణాన్నే సరిచేసుకుంది, మనస్తత్వ నిపుణుడితో పని మానేసింది, 2023 ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. ఆ ఫైనల్లో మొదటి మ్యాచ్ పాయింట్ మీద కూడా డబుల్ ఫాల్ట్ చేసి, నాలుగో దాని మీద ముగించింది. దీన్నిబట్టి నిపుణులు అక్కరలేదని నేను అనడం లేదు. పోలండ్ క్రీడాకారిణి ఇగా ష్వియాంటెక్ ఏళ్ళ తరబడి డారియా అబ్రమోవిచ్ అనే మనస్తత్వ నిపుణురాలిని వెంటబెట్టుకునే తిరిగింది. బలహీనమైన సర్వీస్ ఒత్తిడిలో ముందుగా విరుగుతుంది కాబట్టి, విరిగినదల్లా మనసే అనుకోవడం తప్పు అంటున్నాను.

భయం ఉండకూడదన్న మాటకు పెద్ద సమాధానం అవసరం లేదు. అరచేతులు చెమర్చడం, గుండె వేగంగా కొట్టుకోవడం శరీరం పనికి సిద్ధమవుతోందనడానికి గుర్తులు. 2014లో హార్వర్డ్ పరిశోధకురాలు ఆలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రచురించిన ప్రయోగాలలో, ఆందోళనగా ఉన్నప్పుడు తమను తాము శాంతింపజేసుకోబోయిన వారికంటే, "నాకు ఉత్సాహంగా ఉంది" అని చెప్పుకున్నవారు పాటలోనూ ప్రసంగంలోనూ లెక్కలలోనూ మెరుగ్గా రాణించారు. పిల్లవాడికి చేతులు వణుకుతున్నాయంటే వాడు పిరికివాడని కాదు, ఆ మ్యాచ్ వాడికి ముఖ్యమని అర్థం.

ఓటమి ఆలోచనను రానివ్వకూడదన్న సలహా మీద మాత్రం నాకు కొంచెం కోపమే ఉంది. మందు మింగేటప్పుడు కోతి గుర్తుకు రాకూడదని వైద్యుడు చెబితే రోగికి ఏమయిందో తెలుగువాళ్ళకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. అమెరికన్ మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ 1987లో విద్యార్థులను తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని కోరి, దాదాపు అదే సంగతిని ప్రయోగశాలలో చూపించాడు. తరిమేయాలనుకున్న ఆలోచన తిరిగి తిరిగి వస్తుంది. దాన్ని తరమడం కాక, ఆ స్థానంలో చేయవలసిన పని ఒకటి పెట్టడమే దారి. టెన్నిస్ నియమాలే దీనికి చోటిచ్చాయి: పాయింటుకూ పాయింటుకూ మధ్య 25 సెకన్లు, కోర్టు మారేటప్పుడు 90 సెకన్లు. అమెరికన్ క్రీడా మనస్తత్వవేత్త జిమ్ లేయర్ మేటి ఆటగాళ్ళను గమనించి, వారికీ తక్కినవారికీ తేడా బంతి ఆడుతున్నప్పటికంటే ఈ ఖాళీలోనే ఎక్కువగా ఉందని చెప్పి, ఆ ఖాళీని నాలుగు దశలుగా విభజించాడు. పోయిన పాయింట్ తరువాత తల దించకుండా వెనుదిరిగి నడవడం. ఊపిరి నెమ్మదిగా వదిలి భుజాలు సడలించడం. తరువాతి సర్వీస్ ఎక్కడ వేయాలో, దాని మీద మొదటి బంతి ఎటు కొట్టాలో నిర్ణయించుకోవడం. బంతిని ఎప్పుడూ కొట్టినన్నిసార్లే నేలకు కొట్టడం. నేను చూసిన అబ్బాయి పోగొట్టుకున్నది సరిగ్గా ఈ నాలుగో దశనే.

ప్రతి పాయింటూ ఆఖరిదన్న సూత్రాన్ని రోజర్ ఫెదరర్ లెక్కలే కొట్టేస్తాయి. 2024లో డార్ట్‌మత్ కళాశాల స్నాతకోత్సవంలో ఆయన చెప్పినదాని ప్రకారం, 1526 సింగిల్స్ మ్యాచ్‌లలో దాదాపు 80 శాతం గెలిచిన ఆయన, పాయింట్లలో గెలిచినవి 54 శాతం మాత్రమే. దాదాపు సగం పాయింట్లు పోతూనే ఉంటాయి. పోయిన ప్రతిదానికీ ఆఖరి పాయింట్ పోయినంత బాధపడితే రెండో సెట్‌కు మనిషి మిగలడు. 2019 వింబుల్డన్ ఫైనల్లో ఫెదరర్ జకోవిచ్ కంటే 14 పాయింట్లు ఎక్కువే గెలిచి, అయిదో సెట్‌లో 8-7, 40-15 దగ్గర రెండు ఛాంపియన్‌షిప్ పాయింట్లు వదులుకుని, మ్యాచ్ ఓడిపోయాడు. మన హైదరాబాద్ ఆడపడుచు సానియా మీర్జా, హింగిస్ జోడీ 2015 వింబుల్డన్ డబుల్స్ ఫైనల్లో ఆఖరి సెట్ 2-5తో వెనకబడి కూడా 7-5తో గెలిచిందంటే, అంతకుముందు పోయిన గేములను మోసుకుంటూ తిరగలేదు కాబట్టే అని నా అభిప్రాయం.

ఇక తిట్ల సంగతి. ఒత్తిడిని సాధన చేయాలన్న మాటలో నిజం ఉంది, కాని ఆ ఒత్తిడి స్కోరు నుంచి రావాలి, పెద్దల నోటి నుంచి కాదు. ప్రాక్టీసులో గేమ్‌ను 30-40 నుంచి మొదలుపెట్టించవచ్చు. ఒక్క సర్వీస్‌తోనే ఆడమనవచ్చు. ఓడినవాడే బంతులన్నీ ఏరాలని పందెం పెట్టవచ్చు. తిట్లు నేర్పేది ఒక్కటే, ప్రతి పాయింట్ తరువాత కంచె వైపు చూడటం. ఆ రోజు ఆ పిల్లవాడు రెండో డబుల్ ఫాల్ట్ తరువాత చేసింది అదే. అంతవరకు బేస్‌లైన్ వెనక్కి నడిచి తువ్వాలుతో చెయ్యి తుడుచుకునేవాడు, ఆ తరువాత గేమ్ అయిపోయేదాకా తువ్వాలు ముట్టుకోనే లేదు.