బుడమేరుకు లింకు డాక్యుమెంట్లు ఉన్నాయా?

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ నగరంలోకి చొరబడిన వ్యవహారంలో ఇంతవరకూ ఒక పక్షం వాదనే వినిపించింది. వరద ముప్పు మ్యాపులు పాతబడిపోయాయనీ, నదుల పక్కనా సముద్రం పక్కనా ఉన్న ఊళ్లన్నిటికీ వాటిని తిరగరాయాలనీ నిపుణులు ఏకకంఠంతో చెబుతున్నారు. పాత మ్యాపు తరఫున వకాల్తా పుచ్చుకునే నాథుడు లేకపోవడం చూసి మనసు చివుక్కుమని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆ రోజు మ్యాపు ఎక్కడికీ కదలలేదు. బీరువాలో ఏ అరలో పెట్టారో ఆ అరలోనే, మడత నలగకుండా, పొడిగా ఉంది. కదిలింది బుడమేరు. నియమం తప్పినవాడిని వదిలేసి నిలకడగా ఉన్నవాడిని మారమనడం ఏ ధర్మశాస్త్రంలో ఉందో వారే చెప్పాలి.

బుడమేరుకు మనం ఏం తక్కువ చేశాం? మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలవవలసిన ఆ వాగుకు దారి తప్పకుండా నీలం గీత గీసిపెట్టాం. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టాం. ఊరి మీద పడకుండా మళ్లింపు కాలువ తవ్వి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిసే వసతి కల్పించాం. కృష్ణకు కూడా అదే రోజు వరద రాకూడదన్న చిన్న షరతు తప్ప ఈ ఏర్పాటులో లోపమేమీ లేదు. ఆ షరతునే వాళ్లిద్దరూ కూడబలుక్కుని ఉల్లంఘించారు. అప్పటికే ఉప్పొంగుతున్న కృష్ణ సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి 2009 నాటి తన రికార్డును తానే చెరిపేసుకుంది. అలా నిండుతున్న నది మళ్లింపు కాలువ నీటికి చోటివ్వలేదు, ఎగువ నుంచి వచ్చే నీరు ఆగలేదు, కాలువ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరీపేట మునిగాయి. సింగ్‌నగర్ ఫ్లైఓవరు పడవల రేవయ్యింది, అన్నం పొట్లాలు డ్రోన్ల మీద దిగాయి.

ఇప్పుడు హక్కుల సంగతి చూద్దాం. మన దగ్గర నూట యాభై గజాల స్థలం కొనాలంటే లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ స్థలం చేతులు మారిన పాత దస్తావేజులు, అడుగుతారు, రిజిస్ట్రేషను ఆఫీసు లావాదేవీల చిట్టా అయిన ఈసీ ముప్పై ఏళ్లకు తీయిస్తారు. ఎవరు ఎవరికి అమ్మారు, ఎవరు ఎక్కడ తాకట్టు పెట్టారు అన్నదంతా అందులో తేలుతుంది. 2005 సెప్టెంబరులో ఇదే బుడమేరు ఇవే వీధుల్లో కాపురం పెట్టిన విషయం మాత్రం ఆ ఈసీలో ఉండదు. ప్రభుత్వ భూమిని రిజిస్టరు చేయకుండా 22ఏ అనే నిషేధిత జాబితా ఒకటుంది. వరద నీళ్లు వచ్చే స్థలాలకు అలాంటి జాబితా లేదు. కాబట్టి చట్టం దృష్టిలో ఆ స్థలం మీద బుడమేరుకు ఏ హక్కూ లేదు, అది కేవలం ఆక్రమణదారు. నిజానికి లింకు డాక్యుమెంట్ల వరస చూస్తే ఆ వీధుల్లో బుడమేరు అంత పాత హక్కుదారు మరొకరు లేరనీ, బెజవాడ దుఃఖదాయిని అనే పేరు అది కష్టపడి సంపాదించుకున్నదేననీ కొందరు వాదిస్తారు. కానీ స్టాంపు డ్యూటీ కట్టని వాదన నిలవదు.

నిపుణులు తరచు వాడే మరో మాట 'వందేళ్లకు ఒకసారి వచ్చే వరద'. ఇంత ఓదార్పునిచ్చే మాట శాస్త్ర గ్రంథాల్లో మరొకటి నాకు కనబడలేదు. 2024లో వచ్చింది గనుక ఇక 2124 దాకా నిశ్చింత అని మా వీధిలో లెక్క తేల్చేశారు. ఆ మాటకు అసలు అర్థం ఏ ఏటికా ఏడు నూటికి ఒక వంతు అవకాశం ఉంటుందని మాత్రమే. ముప్పై ఏళ్ల వాయిదాల మీద ఇల్లు కొన్నవాడికి, అప్పు తీరేలోపు కనీసం ఒక్కసారైనా ఆ స్థాయి వరద వచ్చే అవకాశం దాదాపు 26 శాతం. బ్యాంకువారు మన జీతం, మన వయసు, మన పాత అప్పులు అన్నీ ఆరా తీస్తారు గానీ ఈ 26 గురించి అడిగి మనల్ని ఇబ్బంది పెట్టరు. అది వారి సంస్కారం.

మ్యాపులు పాతబడ్డాయన్న మాట అబద్ధమని కూడా నేను అనను. ప్రతి రెండు మూడేళ్లకూ పాత సిమెంటు రోడ్డు మీదే కొత్త సిమెంటు రోడ్డు వేస్తాం, రోడ్డు ఎక్కుతుంది, ఇల్లు దిగుతుంది. కొత్తగా కట్టేవాడు నాలుగు లారీల మట్టి ఎక్కువ తోలించి మెరక చేసుకుంటాడు, వాడి వాటా నీళ్లు పక్కింటి ఖాతాలో జమ అవుతాయి. పదేళ్ల కిందట కొలిచిన ఎత్తుపల్లాలు ఇవాళ్టికి పనికిరావు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు. మన ఊళ్లలో ఈ రెండింటినీ ఎరిగినవాడు మట్టి తోలే ట్రాక్టరు డ్రైవరు ఒక్కడే.

అయితే ఎవరూ మ్యాపులు సవరించడం లేదన్న నింద మాత్రం అన్యాయం. మేముండే ఇంటి ఓనరు పిన్నిగారు ఒక్కరే ఏడాదిలో మూడుసార్లు సవరించారు. నీళ్లు తీసిన వారానికి నష్టం రాసుకోవడానికి సచివాలయం అమ్మాయి వచ్చినప్పుడు గోడ మీది బురద చార మీద చెయ్యి పెట్టి, "గుండెల దాకా వచ్చాయమ్మా, ఇదిగో చూడు, ఇక్కడి దాకా! ఫ్రిజ్జు తేలింది. రాసుకో" అన్నారు. అది మొదటి మ్యాపు, కొలతల్లో చాలా కచ్చితమైనది. దసరా దాటాక కింది వాటాకు టులెట్ బోర్డు పెట్టారు. చూడ్డానికి వచ్చిన దంపతులతో, "వచ్చాయండీ, రాకపోవడమేం, మోకాళ్ల దాకా. అదీ ఒక్క పూట" అన్నారు. ఇది రెండో మ్యాపు. ఆ తర్వాత వేసవిలో ఇల్లు అమ్మకానికి బ్రోకరు ఒకాయనను వెంటబెట్టుకొచ్చాడు. "మా వీధి కాస్త మెరకండి బాబాయిగారూ. నీళ్లన్నీ ఆ పక్క వీధికి వెళ్లాయి" అన్నారు పిన్నిగారు. పక్క వీధివారిని అడిగితే, వారి వీధే మెరకనీ నీళ్లన్నీ మా వీధికి వెళ్లాయనీ చెప్పారట. ఆ వచ్చినాయన చాలాసేపు రెండు వీధుల మధ్య నిలబడి, బుడమేరు అసలు ఏ వీధిలో పారిందో తేల్చుకోలేక వెళ్లిపోయారు.

మొదటి మ్యాపు ఏమైందన్నది ఆసక్తికరమైన ప్రశ్న. నష్టపరిహారం పంచడానికి ఆ సెప్టెంబరులో జరిగినంత సూక్ష్మమైన సర్వే ఈ నగరంలో అంతకు ముందు జరిగి ఉండదు. కింది అంతస్తు మునిగితే 25 వేల రూపాయలు, పై అంతస్తులవారికి 10 వేలు అని ప్రకటించారు గనుక, ఏ వీధిలో ఏ ఇంట్లో ఏ అంతస్తుకు నీళ్లు చేరాయో గడపగడపకూ తిరిగి రాసుకున్నారు. పేరు రాలేదని జనం వరసలు కట్టి మరీ తప్పులు దిద్దించారు. ఇంత శ్రద్ధగా, ఇంత ప్రజాభాగస్వామ్యంతో తయారయ్యే వరద మ్యాపు కోసం ధనిక దేశాలు కోట్లు ఖర్చు పెడతాయి. డబ్బు ఖాతాల్లో పడ్డాక ఆ జాబితా వల్ల ఉపయోగమేమిటో ఎవరికీ తోచినట్టు లేదు. ఒక కార్యాలయానికి వెళ్లి మా వీధి వివరాలు చూడవచ్చా అని అడిగాను. ఏ కార్యాలయమో చెప్పి వారి భోజన విరామానికి భంగం కలిగించను. కుర్చీలో ఉన్నాయన తలెత్తి, "మీకు రాలేదా?" అన్నారు. "వచ్చిందండి" అన్నాను. "వస్తే ఇంకెందుకు?" అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు.

భద్రాచలంవాళ్లు ఈ విషయంలో మరీ మొరటు మనుషులు. గోదావరి 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఎన్ని అడుగులకు ఏ రోడ్డు తెగుతుందో, ఎవరి ఇంటి మెట్టు తడుస్తుందో అక్కడి టీ కొట్టు దగ్గర చెప్పేస్తారు. 1986లో 75.6 అడుగులు చూసినవారు 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు సామాను ఎంత ఎత్తుకు ఎక్కించాలో మ్యాపు చూడకుండానే ఎక్కించారు. ఇలా నోటితో నడిచే మ్యాపుల వల్ల స్థలాల ధరలు పెరగవు కాబట్టి మిగతా ఊళ్లకు దీన్ని నేను సిఫారసు చేయలేను.

సముద్రం దగ్గరికి వస్తే మనం మరింత పురోగతి సాధించాం. కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం ఇళ్లనీ రోడ్డునీ కొరుక్కుంటూ ముందుకొస్తోందని అందరికీ తెలుసు, తుపాను వచ్చిన ప్రతిసారీ ఆ బీచి రోడ్డు ఫొటో పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. తీరం కోతనూ సముద్ర మట్టం పెరుగుదలనూ లెక్కలోకి తీసుకుని దేశం పొడుగునా ప్రమాద రేఖ ఒకటి గీయించారు. 2019 నాటి తీర నియంత్రణ నోటిఫికేషను ఆ రేఖను నిబంధనల నుంచి విడదీసి, విపత్తు ప్రణాళికలకు పనికొచ్చే సాధనంగా గౌరవప్రదంగా పక్కన కూర్చోబెట్టింది. అంతటితో ఆగక, జనసాంద్రత ఎక్కువగా ఉన్న తీర గ్రామాల్లో పోటు గీత (సముద్రపు పోటు చేరే హద్దు) నుంచి 200 మీటర్ల దాకా ఉన్న కట్టడాల నిషేధాన్ని 50 మీటర్లకు తగ్గించింది. సముద్రం ఊరి వైపు జరుగుతుంటే గీత సముద్రం వైపు జరిగింది. ఎదురెదురుగా నడిచేవాళ్లు త్వరగా కలుసుకుంటారన్న భౌతికశాస్త్ర సూత్రం ఇందులో ఉంది.

ఈ తొందరపాటు కేంద్రానికి కొత్తది కాదు. వరద మైదానాల్లో ఎక్కడ కట్టవచ్చు, ఎక్కడ కట్టకూడదు అనే విభజనకు ఒక నమూనా బిల్లు తయారుచేసి 1975లోనే రాష్ట్రాలకు పంపారు. మణిపూర్ 1978లో, రాజస్థాన్ 1990లో చట్టం చేశాయి. ఎడారి రాష్ట్రానికి వరద చట్టం ఎందుకో నాకు అర్థం కాలేదు. మిగతా రాష్ట్రాల్లో చాలావాటిలాగే మనమూ ఆ బిల్లును అర్ధ శతాబ్దంగా పొడిగా కాపాడుతున్నాం.

ఇవన్నీ ఆలోచించే పిన్నిగారు వరద తర్వాతి సంక్రాంతికే ఇంటికి సున్నం కాకుండా ఖరీదైన పెయింటు వేయించారు. బురద చార ఎక్కడా కనబడకూడదని రెండు కోటింగులు కొట్టించారు. మెట్ల కింద కరెంటు మీటరు పెట్టె వెనక మాత్రం రోలరు పోలేదు, కుంచె అందలేదు. అక్కడ జానెడు పొడవున చార అలాగే, గుండెల ఎత్తున, గోధుమ రంగులో మిగిలిపోయింది. మొన్న కింది వాటాలోకి కొత్తవాళ్లు దిగారు. సామాను సర్దుకుంటూ, మీటరు పక్కన వేలాడుతున్న వేంకటేశ్వరస్వామి క్యాలెండరు పోయినేటిదని చెప్పి, తీసి కొత్తది తగిలిస్తామన్నారు. "అది మాత్రం తీయకండమ్మా" అన్నారు పిన్నిగారు పై నుంచి. "కావాలంటే మీది దాని మీదే తగిలించుకోండి."