నా చేతిలో ఫ్రూటీ లాక్కోవడానికి మీరెవరండీ?

పొద్దున ఆరున్నరకి జరిగింది. ఇప్పుడు టైము పదకొండు. ఆఫీసులో కూర్చున్నానే గానీ ఒక్క మెయిల్ కూడా చూడలేదు. ఇది రాసేస్తే గానీ నాకు మనసు కుదుటపడదు.

మా అపార్ట్‌మెంట్ చుట్టూ నడవడానికి బాట వేశారు. రోజూ నలభై నిమిషాలు నడుస్తాను. ఈరోజు అరగంట అయ్యేసరికి ఫోన్ మోగింది. ఒంటికి అతికించుకున్న షుగర్ సెన్సార్ అలారం. 64, పక్కన కిందికి బాణం. నాలా టైప్ వన్ డయాబెటిస్ ఉన్నవాళ్ళకి ఆ బాణం గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి చెప్తున్నాను. రక్తంలో షుగర్ 70 కంటే తగ్గింది, ఇంకా తగ్గుతోంది, ఇప్పుడే తియ్యటిది ఏదైనా కడుపులో పడకపోతే కాసేపట్లో నేను పడిపోతాను. గబగబా బెంచీ మీద కూర్చుని, నడుముకి కట్టుకున్న సంచిలోంచి ఫ్రూటీ తీసి స్ట్రా గుచ్చాను. రెండు గుక్కలు తాగానో లేదో, మూడో ఫ్లోర్ ఆంటీ వచ్చి ప్యాకెట్ నా చేతిలోంచి లాగేసుకున్నారు.

లాగేసుకున్నారు. చంటిపిల్ల చేతిలోంచి మట్టిగడ్డ లాగినట్టు. "షుగర్ పెట్టుకుని ఇవి తాగుతావేంటమ్మా? అందుకే ఎన్నాళ్ళు నడిచినా అలాగే ఉన్నావు" అన్నారు. ఆవిడతో పాటు నడిచేవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. ఒకావిడ నవ్వారు.

షుగర్ ఇలా పడిపోయినప్పుడు మనిషికి ఎలా ఉంటుందో చెప్తాను వినండి. చల్లటి చెమట పట్టి వీపు తడిసిపోతుంది. పెదాల చుట్టూ తిమ్మిరి. చేతులు వణుకుతాయి. మెదడుకి కావాల్సిన పంచదారే అందక మాట దొరకదు. ఏం చెప్పాలో తెలుసు, నోట్లోంచి రాదు. "ఆంటీ, ఇవ్వండి" అనడానికి నాకు రెండే మాటలు కావాలి, ఆ రెండూ రాలేదు. చెయ్యి చాపి కూర్చుని ఏడ్చాను. ముప్పయ్యేళ్ళ మనిషిని, నలుగురి ముందు, పది రూపాయల ప్యాకెట్ కోసం చెయ్యి చాపి ఏడ్చాను.

వాచ్‌మన్ భార్య గేటు దగ్గర ముగ్గు వేస్తోంది. చూసి చేతులు లంగాకి తుడుచుకుంటూ వాళ్ళ గదిలోకి పరిగెత్తి, స్టీలు గ్లాసులో నీళ్ళల్లో పంచదార కలిపి తెచ్చింది. ఎప్పుడో ఒకసారి ఆమెకి చెప్పాను, నాకిలా అయితే తీపి ఇవ్వాలని. గుర్తు పెట్టుకుంది. గ్లాసు అడుగున కరగని పంచదార ఉంటే వేలితో తీసి నా నోట్లో పెట్టింది. చదువుకున్నావిడకి తెలియలేదు, ఈమెకి తెలిసింది. ఇంతకంటే ఏం చెప్పను.

ఇప్పుడు కొంతమంది వచ్చి "ఆవిడ నీ మంచికే కదా చెప్పింది" అంటారు. వద్దు. ఆ మాట పదహారేళ్ళుగా వింటున్నాను. నా మంచి కోరేవాళ్ళు ముందు నన్ను ఒక్క ప్రశ్న అడగాలి. "ఏమైందమ్మా?" అని. అంతే. ఆ ఒక్క ప్రశ్న ఎవరూ అడగరు.

టైప్ వన్ అంటే మీ నాన్నగారికి, మా మావయ్యకి యాభై దాటాక వచ్చిన షుగర్ కాదు. స్వీట్లు తింటే వచ్చింది కాదు. మన ఒంట్లో మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే దారి తప్పి, ప్యాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని చంపేసింది. ఇన్సులిన్ బయటి నుంచి పొడుచుకుంటేనే బతుకుతాం. మాత్రలతో జరగదు. రోజుకి నాలుగైదు సూదులు.

ఇక బరువు సంగతి. నా బరువు 71 కిలోలు ఉండేది. బరువు పెరిగేకొద్దీ ఇన్సులిన్ ఎక్కువ పడుతోంది, ఎనిమిది కిలోలు తగ్గమని మా డాక్టరమ్మ చెప్పారు. సరే అన్నాను. ఐదు నెలల్లో మూడున్నర కిలోలు తగ్గాను. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. అందులో ఒక్కో వంద గ్రాముల వెనక ఏముందో నాకు తెలుసు.

మీరు నడక మొదలుపెట్టగానే మీ ప్యాంక్రియాస్ దానంతట అదే ఇన్సులిన్ తగ్గించేస్తుంది. మీకు తెలియను కూడా తెలియదు. నేను పొడుచుకున్న ఇన్సులిన్‌కి నేను నడుస్తున్నానని తెలియదు. ఒకసారి చర్మం కిందికి వెళ్ళాక దాన్ని వెనక్కి తీసుకోలేను. అది దాని పని చేసుకుంటూ పోతుంది, కండరాలు వాటి పని అవి చేస్తాయి, మధ్యలో షుగర్ పడిపోతుంది. పడిపోతే 15 గ్రాముల తీపి తీసుకోవాలి, పావుగంట ఆగి మళ్ళీ చూసుకోవాలి, ఇంకా తక్కువుంటే మళ్ళీ తీసుకోవాలి. ఒక్కో విడతకి 60 క్యాలరీలు. అంటే బరువు తగ్గడానికి నడిచి, ఆ నడక వల్ల తినాల్సి వచ్చి, తిన్నది మళ్ళీ లెక్కలో కలుపుకోవాలి. తినకపోతే చస్తాను, తింటే "అందుకే తగ్గట్లేదు" అంటారు.

ఇంతటితో అయిపోదు. పొద్దున నడిస్తే సరే. ఆఫీసు పనివల్ల సాయంత్రం నడిచిన రోజున కండరాలు ఖర్చయిన పంచదారని రాత్రంతా రక్తంలోంచి లాక్కుంటూనే ఉంటాయి. రెండింటికో మూడింటికో అలారం. ఆ వేళప్పుడు ఫ్రిజ్ తలుపు తీసుకుని, చీకట్లో, ఆ గుడ్డి వెలుతుర్లో నిలబడి తినే తిండి ఆకలి తిండి కాదు. ప్రాణభయంతో తినే తిండి. 15 గ్రాములు తూచి తినే ఓపిక ఆ టైములో ఎవరికుంటుంది? అరటిపండు, దాని మీద జామ్ చెంచాతో, దాని మీద రాత్రి మిగిలిన అన్నం. పొద్దున చూస్తే 280. దానికి మళ్ళీ ఇన్సులిన్. వారమంతా పద్ధతిగా తిన్నది ఒక్క రాత్రిలో పోతుంది. అందుకే నడకకి ముందు భోజనానికి ఎంత డోసు తగ్గించాలి, ఏ టైములో నడవాలి అని డాక్టరమ్మతో కూర్చుని నెలల తరబడి సరిచేసుకుంటూ వచ్చాను. నోట్‌బుక్ నిండిపోయింది. ఆ ఫ్రూటీ కూడా ఆ లెక్కలోదే ఆంటీ. అది జల్సా కాదు, అది నా మందు.

సలహాల సంగతికొస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు. మెంతులు నానబెట్టి తాగమన్నారు. కాకరకాయ రసం తాగించారు. పొడపత్రి ఆకు నమలమన్నారు. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటే షుగరూ పోతుంది, ఒళ్ళూ తగ్గుతుంది అని మా అత్తయ్య. ఆ మధ్య మన వైపు ఊళ్ళకి ఊళ్ళు కొబ్బరినూనె తాగుతూ అన్నం మానేసిన రోజులు గుర్తున్నాయా? అప్పుడు మా బంధువు ఒకాయన ఇంటికొచ్చి, "వారం రోజులు సూదులు పక్కన పెట్టు, నాదీ పూచీ" అన్నాడు. ఆయనకి టైప్ టూ. మాత్రలు తగ్గాయట, సంతోషం. నాకు మూడు రోజులు సూదులు లేకపోతే నాలుగో రోజు ఐసీయూ. ఆయన పూచీ ఏ శ్మశానంలో చూసుకోవాలి? ఇప్పుడు ఆఫీసులో కొత్తగా మౌంజారో. 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చిన దగ్గర్నుంచి అందరూ అదే చెప్తున్నారు. అది టైప్ టూ షుగర్‌కి, బరువుకి అనుమతి ఉన్న మందు, టైప్ వన్‌కి కాదు. అడిగాను కూడా, మా డాక్టరమ్మ నాకు వద్దన్నారు. "ఒకసారి వేసుకుని చూడు, ఏమవుతుంది" అని నా పక్క సీటతను ఎంత తేలిగ్గా అన్నాడో.

ఆంటీ మీద మొదలుపెట్టాను గానీ, నా కోపం ఆవిడ ఒక్కరి మీదే కాదని రాస్తుంటే తెలుస్తోంది.

2009 మే నెల. తెనాలి. నాకు పదమూడేళ్ళు. నా ఓణీల ఫంక్షన్. అంతకుముందు నెలన్నరలో తొమ్మిది కిలోలు తగ్గాను. ఎవరికీ అనుమానం రాలేదు. ఎండాకాలం కదా, నీళ్ళు ఎక్కువ తాగుతోంది అనుకున్నారు. రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేస్తుంటే, నీళ్ళు తాగితే లేవరా మరి అన్నారు. జాకెట్ కుట్టించాక రెండుసార్లు లోపలికి కుట్లు వేయించారు. అద్దెకి తెచ్చిన వడ్డాణం చివరి కొక్కెం దాకా పెట్టినా జారిపోతుంటే, మా పిన్ని వెనక నల్ల దారంతో కట్టి పైన జడ కప్పింది. ఆ దారం ముడి నడుము ఎముక మీద ఒత్తుకుంటూ ఉంది ఆరోజంతా. ఆ నొప్పి ఇప్పటికీ గుర్తు.

ఎంత మెచ్చుకున్నారో నన్ను! "ఎంత నాజూగ్గా అయిందే పిల్ల", "వయసు రాగానే ఒళ్ళు భలే తీసింది", "మా పిల్లకీ చెప్పవే ఏం తింటున్నావో". కుర్చీలో కూర్చుంటే నాలుక పిడచకట్టుకుపోతోంది, లేచి నీళ్ళకి వెళ్తుంటే "కుదురుగా కూర్చో, వీడియో తీస్తున్నారు" అని కసురుకున్నారు. నాకూ సంతోషంగానే ఉండింది. అంతకుముందు నన్ను బొద్దుగా ఉందనేవాళ్ళు. మొదటిసారి అందరూ అందంగా ఉన్నావన్నారు.

మూడో రోజు గుంటూరు ఆసుపత్రిలో ఐసీయూ. ఊపిరి ఎగదన్నుతోంది, నోరు మాగిన పండు వాసన. షుగర్ 500 దాటి ఉంది. ఇన్సులిన్ లేక తిన్నదేదీ ఒంటికి పట్టక, ఒళ్ళు తన కొవ్వునీ కండనీ తనే కాల్చుకుంది. ఆ కాలిన మసి లాంటివే కీటోన్లు, అవి రక్తాన్ని విషం చేశాయి. వీళ్ళందరూ మెచ్చుకున్న నాజూకుతనం అదీ.

మళ్ళీ ఇంటర్‌లో. హాస్టల్లో అందరూ లావు లావు అంటుంటే సూదులు ఎగ్గొట్టాను. సంక్రాంతికి ఇంటికొస్తే మళ్ళీ అదే పాట, ఎంత బాగా తగ్గావో అని. పండగ మూడు రోజులూ ఐసీయూలోనే. ఇది చదివే పిల్లలెవరైనా టైప్ వన్ ఉండి అలా చేస్తుంటే, నాన్నా, దయచేసి ఈరోజే ఇంట్లో చెప్పండి, డాక్టరుకి చెప్పండి. ఎవరూ తిట్టరు. తిడితే నాకు మెసేజ్ పెట్టండి, నేను మాట్లాడతాను.

నన్ను సన్నబడ్డావని మెచ్చుకున్న రెండుసార్లూ నేను చావుకి దగ్గర్లో ఉన్నాను. ఇప్పుడు బతికుండి, ఆరోగ్యంగా, ఒక్క సూది మానకుండా మూడున్నర కిలోలు తగ్గితే ఒక్కరికీ కనపడలేదు. కనపడింది ఫ్రూటీ.

ఇన్సులిన్ వచ్చిన కొత్తలో తీసిన ఒక పాత ఫోటో జత ఉంది. మూడేళ్ళ పిల్లాడు. 1922 డిసెంబర్‌లో వాళ్ళమ్మ చేతుల్లో పక్కటెముకలన్నీ లెక్కపెట్టేలా ఉన్నాడు, బరువు 15 పౌండ్లు, ఏడు కిలోలు కూడా లేడు. 1923 ఫిబ్రవరికి 29 పౌండ్లు, బుగ్గలు నిండిపోయి ఉన్నాడు. రెండు నెలల్లో దాదాపు రెట్టింపు. లావవడమంటే అక్కడ బతకడం. ఆ ఫోటోలు మొదటిసారి చూసినప్పుడు నేను ఆ రెండోదాని గురించి ఆలోచించలేదు. మా ఇంట్లో హాల్లో గోడ మీద మొదటి ఫోటో ఉంది కదా అనుకున్నాను.

అవును, నా ఓణీల ఫంక్షన్ ఫోటో. పెద్ద సైజు, బంగారు అంచు ఫ్రేము. పదహారేళ్ళుగా తెనాలి ఇంట్లో హాల్లోనే ఉంది. వచ్చినవాళ్ళందరికీ అమ్మ చూపిస్తుంది. నా ముందే, "అప్పుడెంత ముచ్చటగా ఉండేదో మా అమ్మాయి" అంటుంది. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళకీ చూపించింది. నా కళ్ళు గుంటలు పడి ఉన్నాయి ఆ ఫోటోలో. మెడ ఎముకలు నెక్లెస్ కంటే ముందు కనపడతాయి. మూడు రోజుల్లో ఐసీయూకి వెళ్ళబోయే పిల్ల అది. అమ్మకి నేనంటే ప్రాణం, మొదటి రెండేళ్ళు రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి నా వేలికి పొడిచి చూసేది. అలాంటి అమ్మకి కూడా ఆ ఫోటోలో జబ్బు కనపడదు.

ఇందాక బాత్రూంలోకి వెళ్ళి అమ్మకి ఫోన్ చేశాను. పొద్దున జరిగింది చెప్పాను. ఆంటీని నాలుగు తిట్టింది. అప్పుడు అన్నాను, "అమ్మా, హాల్లో ఆ ఫోటో తీసెయ్యి."

"ఏ ఫోటోనే?"

"నీకు తెలుసు ఏ ఫోటోనో."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అందులో మీ తాతయ్య ఉన్నాడు కదే" అంది.

ఉన్నాడు. నా కుడిపక్కన, తెల్ల పంచెలో. అందరూ కెమెరా వైపు చూసి నవ్వుతుంటే తాతయ్య ఒక్కడే నావైపు చూస్తున్నాడు, నా మణికట్టు పట్టుకుని. ఫోటో కోసం పట్టుకోలేదు. గాజులు మోచేతి దాకా జారిపోతుంటే పట్టుకుని, "పిల్ల ఇలా అయిపోయిందేంటే, డాక్టరుకి చూపించండే" అన్నాడు. ఆ రోజు మొత్తంలో ఆ మాట అన్నది ఆయనొక్కడే. శుభమా అని ఫంక్షన్ చేసుకుంటుంటే ఆ మాటలేంటి నాన్నా అని అమ్మే కసిరింది. తాతయ్య పోయి పదేళ్ళయింది. ఆయనదీ నాదీ కలిసి ఉన్న ఫోటో ఇంకోటి లేదు.

"ఆరోజు తాతయ్య ఏమన్నాడో గుర్తుందా అమ్మా?" అని అడిగాను.

అమ్మ ఫోన్ పెట్టెయ్యలేదు. మాట్లాడనూ లేదు. వెనకాల కుక్కర్ విజిల్ వినపడింది, దాన్ని కట్టెయ్యడానికి కూడా వెళ్ళలేదు.