సర్వర్ రూమ్ ఏసీలకు టైమర్ ఒక్కటే చాలదు

“రెండు ఏసీలు, ఒక టైమర్, సర్వర్ రూమ్ టెన్షన్ ఇక లేదు” అన్న మెసేజ్ ఈ నెలలో నాకు ఐదోసారి వచ్చింది. పంపినవాళ్లంతా నాలాగే ఏదో ఒక కాలేజీలోనో ఆసుపత్రిలోనో సర్వర్లు చూసుకునేవాళ్లే. నాలుగుసార్లు చూసి వదిలేశాను. మొన్న నాతో పనిచేసి వేరే ఊరు వెళ్లిన కుర్రాడు ఫోన్ చేసి, “అన్నా, ఎల్లుండి ఎలక్ట్రీషియన్ వస్తున్నాడు, అచ్చం ఇలాగే పెట్టించేస్తా” అన్నాడు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

మెసేజ్‌లో ఉన్నది ఇది. రెండు స్ప్లిట్ ఏసీలను వారానికొకటి చొప్పున నడపండి. టైమర్‌తో ఒకదానికి మెయిన్ సప్లై కట్ చేసి రెండోదానికి ఇవ్వండి, సెన్సర్లూ కంట్రోలర్లూ దండగ. 16 డిగ్రీల్లో పెట్టండి. కరెంటు బిల్లు సగమవుతుంది. ఏసీల ఆయుష్షు రెట్టింపవుతుంది, సర్వీసింగ్ అక్కర్లేదు. రిమోట్లకు రంగు స్టిక్కర్లు అంటించండి.

స్టిక్కర్లు అంటించుకోండి, మంచిదే.

బిల్లు సగం కాదు. సర్వర్లు వదిలే వేడి ఏ ఏసీ నడిచినా అంతే, దాన్ని బయటికి తోయడానికి కాలే కరెంటూ దాదాపు అంతే. ఇన్వర్టర్ ఏసీలైతే (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునేవి) రెండూ కలిసి నెమ్మదిగా నడిచినప్పుడే తక్కువ యూనిట్లు కాలే సందర్భాలు చాలా ఉంటాయి.

ఆయుష్షు సంగతి. చెరి సగం పనిచేస్తే కంప్రెసర్లకు కొన్నేళ్లు కలిసొస్తాయి, ఒప్పుకుంటాను. కానీ ఆగి ఉన్న ఏసీకి దుమ్ము పట్టడం ఆగదు, తుప్పు పట్టడమూ ఆగదు. విశాఖలో సముద్రం దగ్గర ఔట్‌డోర్ యూనిట్ పెట్టినవాళ్లను అడగండి, కాయిల్‌ను ఉప్పుగాలి ఎలా తినేస్తుందో చెబుతారు. సర్వీసింగ్ రెండింటికీ చేయించాల్సిందే.

16 డిగ్రీల మాట కొంచెం నెమ్మదిగా చూద్దాం, ఎందుకంటే చాలామంది దీన్ని నమ్ముతున్నారు. ఏసీ ఆగినా గది చల్లగా ఉంటుంది కదా, ఆ లోపు రెండోది లేస్తుంది అని వాళ్ల ఆలోచన. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న గదిలో గాలి బరువు సుమారు 40 కిలోలు. అందులో 4 కిలోవాట్ల సర్వర్లు నడుస్తుంటే, గాలి ఒక్కటే వేడెక్కుతుందనుకుంటే, 10 సెకన్లకు ఒక డిగ్రీ పెరుగుతుంది. గోడలూ, సర్వర్లు అమర్చే ర్యాకులూ కొంత వేడి పీల్చుకుంటాయి కాబట్టి నిజానికి ఇంకాస్త నెమ్మదిగానే పెరుగుతుంది. అయినా 24కు బదులు 16లో పెట్టి మీరు సంపాదించేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల కోసం మామూలు స్ప్లిట్ ఏసీని రాత్రీపగలూ 16లో తోలితే, ఫిల్టర్ కాస్త మూసుకుపోయినా కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతుంది. గాలి రావడం ఆగిపోతుంది, తర్వాత ఆ మంచు కరిగి నీళ్లు కారతాయి. సర్వర్లు లోపలికి పీల్చే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే చాలని అమెరికన్ ఇంజినీర్ల సంఘం ఆష్రే ఎప్పటినుంచో చెబుతోంది.

ఇక టైమర్. ఈ మెసేజ్‌లో నాకు కోపం తెప్పించింది ఇదే.

రెండేళ్ల కిందట మే నెలలో, రెండో శనివారం. కాలేజీకి సెలవు. మా దగ్గర ఉన్నది అచ్చం ఇలాంటి టైమరే, కాకపోతే 12 గంటలకోసారి మారుతుంది. సాయంత్రం ఆరింటికి మొదటి ఏసీని ఆపింది, రెండోదానికి కరెంటు ఇచ్చింది. రెండోదాని లైటు వెలిగింది, లోపలి ఫ్యాన్ తిరిగింది. బయట కంప్రెసర్ మాత్రం లేవలేదు, దాన్ని స్టార్ట్ చేసే కెపాసిటర్ పోయింది. టైమర్‌కు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? దానికి టైమే తెలుసు, వేడి తెలియదు. ఏ లోపమూ లేని మొదటి ఏసీ అదే గోడకు ఉంది, దాని కరెంటు మేమే తీసేశాం. ఆదివారం పొద్దున వాచ్‌మన్ ఫోన్ చేస్తే పరిగెత్తాను. తలుపు తీస్తే పొయ్యి ముందు నిలబడ్డట్టుంది. సర్వర్లు వాటంతటవే షట్‌డౌన్ అయ్యాయి. స్టోరేజ్‌లో రెండు డిస్కులు పోయాయి, యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బాయి. పిల్లల ఇంటర్నల్ మార్కులు మళ్లీ ఎక్కించడానికి మూడు వారాలు పట్టింది.

రెండో ఏసీ కొన్నది ఎందుకు? ఒకటి పోతే ఇంకోటి ఆదుకుంటుందనే కదా! మెసేజ్‌లో చెప్పినట్టు వారం టైమర్ పెడితే, సోమవారం పాడైన ఏసీ వంతు ఆదివారం దాకా నడుస్తూనే ఉంటుంది. ఆరు రోజులు ఎవరు విసురుతారు ఆ సర్వర్లకు? ఇది బ్యాకప్ ఎలా అవుతుంది? పైగా అన్ని ఏసీలకూ ఆటో రీస్టార్ట్ ఉండదు. అది లేని ఏసీ కరెంటు వచ్చినా రిమోట్ నొక్కేదాకా అలాగే కూర్చుంటుంది. ఆటో రీస్టార్ట్ ఉన్నా చాలావాటిలో కంప్రెసర్ లేవడానికి మూడు నిమిషాలు పడుతుంది. పైన చెప్పిన 10 సెకన్ల లెక్క గుర్తుందా? ఆ టైమర్‌లో కరెంటును ఒకదాన్నుంచి రెండోదానికి మార్చే స్విచ్, అంటే కాంటాక్టరే కాలిపోతే రెండు ఏసీలూ ఒకేసారి పోవచ్చు.

సెన్సర్ దండగ కాదు, అసలు కావలసిందే అది. ర్యాక్ ముందు వేడి హద్దు దాటితే ఎవరి వంతైనా సరే రెండోది లేవాలి, మన ఫోన్‌కు కబురు రావాలి. వంతు మారేటప్పుడు రెండోది చల్లగాలి ఇచ్చాకే మొదటిది ఆగాలి. సెన్సర్‌ను చూసి ఏసీలను నడిపే కంట్రోలర్ చచ్చిపోతే రెండు ఏసీలూ నడిచేలా వైరింగ్ ఉండాలి. దేని ఎంసీబీ (ట్రిప్ అయ్యే మెయిన్ స్విచ్) దానికి వేరుగా ఉండాలి.

ఒక్క విషయంలో మాత్రం మెసేజ్ రాసినవాళ్లదే కరెక్ట్, నేనే తప్పు. ఎంత తరచుగా మారిస్తే అంత మంచిదని ఇన్నాళ్లూ అనుకున్నాను. వారానికోసారి చాలు. ఏడాదంతా ఆపేసిన ఏసీ అవసరం పడ్డ రోజే మొండికేస్తుంది కాబట్టి మార్చడం అవసరమే, కానీ మారే ప్రతిసారీ ఒక గండం ఉంటుంది. ఆ గండం మనుషులున్న వేళ రావాలి. ఇప్పుడు మా దగ్గర మంగళవారం పొద్దున 11 గంటలకు మారుతుంది, నేను గదిలోనే ఉంటాను.

తమ్ముడూ, ఎలక్ట్రీషియన్ పని అయిపోయిందనగానే, నడుస్తున్న ఏసీ ఎంసీబీ నువ్వే దించు. ర్యాక్ ముందు థర్మామీటర్ పట్టుకుని నిలబడు. 27 దాటకముందే రెండోది తనంతట తాను లేచి చల్లగాలి ఇస్తోందా, చేయి పెట్టి చూడు. ఇవ్వకపోతే పని పూర్తయినట్టు సంతకం పెట్టకు.