ఆ ఎర్ర మ్యాపు చూసి ఉద్యోగం మానుకోమంటారా?

పోయిన నెలలో మా అక్క కూతురికి తూర్పు కెంటకీలో ఉద్యోగం ఖాయమైంది. రెసిడెన్సీ పూర్తి కావస్తున్న డాక్టరు. జే-1 వీసా మీద వచ్చిన డాక్టర్లు ట్రైనింగ్ అయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండి రావాలి. అది తప్పాలంటే డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తామని ఒప్పుకోవాలి. తూర్పు కెంటకీ ఉన్న అపలాచియన్ కొండల్లోని చిన్న చిన్న ఊళ్లలో మనవాళ్లు అంతమంది కనపడేది అందుకే. ఫ్యామిలీ గ్రూపులో కంగ్రాట్స్ చెప్పడం అయ్యీ కాకముందే ఒక మ్యాపు వచ్చి పడింది. కుడివైపు కౌంటీలన్నీ (మన జిల్లాల్లాంటివి) ముదురు ఎరుపు. కింద ఇలా ఉంది:

"కెంటకీ తూర్పు కౌంటీలు అమెరికా క్యాన్సర్ బెల్టు. అక్కడ నేల, నీళ్లు అన్నీ బొగ్గు విషం. ఆ జనం రక్తంలోనే క్యాన్సర్ ఉంది. నంబర్ వన్ కౌంటీలో మరణాల రేటు చివరి కౌంటీకి రెట్టింపు. అక్కడ కొన్నాళ్లు ఉన్నా చాలు, మీకూ రిస్కే. ఎన్నేళ్లైనా అక్కడ ఏమీ మారదు. మన పిల్లల్ని పంపకండి. అందరికీ షేర్ చేయండి."

అందరూ షేర్ చేశారు. వారం తిరిగేలోపు ఇంకో మూడు గ్రూపుల్లోంచి అదే నాకు చేరింది. అక్కకి టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర లేదు. నేను డాక్టర్ని కాదు గానీ కెంటకీలోనే లెక్సింగ్టన్ నగరంలో పదేళ్లుగా ఉంటున్నాను, ఇన్సూరెన్స్ లెక్కలు చూసి బతుకుతున్నాను. అందుకని గ్రూపులో రెండు ముక్కల్లో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ "నంబర్ వన్" సంగతి.

కెంటకీ జనాభా 45 లక్షలు. కౌంటీలు మాత్రం 120. లూయివిల్ నగరం ఉన్న జెఫర్సన్ కౌంటీలో 7 లక్షల 80 వేల మంది ఉంటే రాబర్ట్‌సన్ కౌంటీలో సుమారు 2,200 మంది. మన దగ్గర ఓ మాదిరి పంచాయతీలో అంతకన్నా ఎక్కువ ఉంటారు. రాష్ట్రం మొత్తం మీద ఏడాదికి క్యాన్సర్‌తో పోయేవాళ్లు దాదాపు 10 వేలు, అంటే లక్షకి 220 మంది. ఆ లెక్కన రాబర్ట్‌సన్‌లో ఏడాదికి ఐదుగురు. ఇప్పుడు ఒక ఏడు ముగ్గురే పోయారనుకోండి, రేటు లక్షకి 136కి పడిపోతుంది. ఇంకో ఏడు ఏడుగురు పోతే 318. ఆ ఊళ్లో గాలి మారలేదు, నీళ్లు మారలేదు. ఒకటి రెండు ఇళ్లలో అటూ ఇటూ అయింది, అంతే. ఒక ఏడు రాష్ట్రంలో "అతి క్షేమమైన" కౌంటీ, మరుసటి ఏడు "మృత్యు కౌంటీ".

జెఫర్సన్‌లో అదే రేటుకి ఏడాదికి 1,700 మంది. కేవలం అదృష్టం వల్ల వచ్చే ఊగిసలాట అక్కడ 40 మంది అటూ ఇటూ, అంటే రెండు మూడు శాతం. బొమ్మా బొరుసా నాలుగుసార్లు వేస్తే నాలుగూ బొమ్మే పడొచ్చు, నాలుగు వందలసార్లు వేస్తే పడదు. అందుకే ఏ రాష్ట్రంలో ర్యాంకులు వేసినా పైకొస నుంచి కిందికొస దాకా చూడండి, రెండు చివర్లా ఎక్కువగా ఉండేవి చిన్న కౌంటీలే. ఐదేళ్లవి కలిపి తీసినా రాబర్ట్‌సన్‌లో 25 మంది అవుతారు. ఆ పాతిక 20 కావచ్చు, 30 కావచ్చు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ కౌంటీ పట్టికల్లో 16 కన్నా తక్కువ కేసులుంటే అసలు అంకె చూపించదు. చూపించినచోట పక్కనే "ఇంత నుంచి ఇంత దాకా" అని హద్దులు వేస్తుంది. మన ఫార్వర్డ్ తయారుచేసిన మహానుభావుడు ఆ హద్దుల గడిని కత్తిరించి పారేశాడు.

"తూర్పున ముసలివాళ్లు ఎక్కువ, అందుకే చావులు ఎక్కువ" అని గ్రూపులో మా బావ సర్దిచెప్పబోయాడు. కుర్రాళ్లు పని కోసం వెళ్లిపోయి పెద్దవాళ్లు మిగిలిన మాట నిజమే. కానీ సరైన పట్టికల్లో ఆ వయసు తేడా సరిచేసే ఉంటుంది. అన్ని కౌంటీల్లోనూ వయసుల వాటా ఒకేలా ఉంటే రేటు ఎంతుండేదో లెక్కగట్టి వేస్తారు. ఇంకొకాయన "పెద్ద ఆసుపత్రులున్న కౌంటీ ఖాతాలో ఎక్కువ పడతాయి" అన్నాడు. అదీ కాదు. ఎక్కడ పోయినా, నివాసం ఏ కౌంటీ అయితే ఆ కౌంటీ లెక్కలోకే వెళ్తుంది.

అలాగని మ్యాపంతా ఫేక్ అని కొట్టిపారేస్తే అది ఇంకో రకం అబద్ధం. ఒక్కో కౌంటీ ర్యాంకు నమ్మొద్దంటున్నాను, బెల్టుని కాదు. కెంటకీలో అపలాచియన్ కౌంటీలు 54. అన్నీ కలిపితే జనాభా 11 లక్షలకు పైనే. అంత పెద్ద సంఖ్యలో అదృష్టం, దురదృష్టం చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అయినా ఆ బెల్టులో క్యాన్సర్ మరణాల రేటు మిగతా రాష్ట్రం కన్నా ఎక్కువే. కెంటకీయే ఏళ్ల తరబడి దేశంలో పై వరసలో ఉంది. కాబట్టి తేడా నిజం. అడగాల్సింది ఎందుకని.

"బొగ్గు విషం" అంటుంది ఫార్వర్డ్. కెంటకీ క్యాన్సర్ మరణాల్లో నాలుగో వంతుకు పైగా ఒక్క ఊపిరితిత్తులవే. అందులో అత్యధికం పొగ తాగడం వల్ల వచ్చేవి. 2000 ప్రాంతంలో దేశంలో పెద్దవాళ్లలో 23 శాతం సిగరెట్ తాగుతుంటే కెంటకీలో 30 శాతం తాగేవాళ్లు. 2005 దాకా ఇక్కడ సిగరెట్ ప్యాకెట్ మీద రాష్ట్రం పన్ను ఎంతో తెలుసా? మూడు సెంట్లు. పొగాకు ఇక్కడ చిన్న రైతుకి ఇంటి ఖర్చు గడిపిన పంట. బర్లీ రకం, నల్లరంగు వేసిన పెద్ద కొట్టాల్లో వేలాడదీసి గాలికి ఆరబెట్టేవాళ్లు. కోటాల మీద కోటాలతో ఆ పంటని కాపాడిన ఫెడరల్ పద్ధతి 2004 చట్టంతోనే పోయింది. ఒంగోలు, టంగుటూరు వైపు పొగాకు బ్యారన్ల మధ్య పెరిగినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. తిండిపెట్టే పంట మీద ఊళ్లో ఎవడూ చెడు మాట మాట్లాడడు, దాని మీద పన్ను వేయడానికి ఏ నాయకుడికీ నోరు రాదు. లెక్సింగ్టన్‌లో 2004లో హోటళ్లలో, ఆఫీసుల్లో పొగ మానిపిస్తే రాష్ట్రంలో అదే మొదటిది. రాష్ట్రమంతటికీ వర్తించే అలాంటి చట్టం ఇప్పటికీ లేదు.

ఇంకోటి, ఊపిరితిత్తుల క్యాన్సర్ ఇవాళ కాల్చితే రేపు రాదు. ఇరవై ముప్పై ఏళ్లు పడుతుంది. అంటే ఆ ఎర్ర మ్యాపు ఇవాళ్టి గాలి ఫోటో కాదు. 1980, 90ల్లో ఆ ఊళ్లలో వెలిగిన సిగరెట్ల లెక్క.

బొగ్గు పాపమేమీ ఎరగదని నేననను. గనుల్లో పనిచేసినవాళ్ల ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు తూర్పు కెంటకీలో పోయిన పదేళ్లలో మళ్లీ తిరగబడింది, ముప్పై నలభై ఏళ్ల వయసువాళ్లకి కూడా. కానీ అది క్యాన్సర్ కాదు. బొగ్గు చుట్టూ ఉండే రాయిని కోస్తే లేచే సిలికా ధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది. బొగ్గు ధూళి విషయంలో మాత్రం చాలినంత ఆధారం లేదంది. గనుల దగ్గర నీళ్ల మీద పరిశోధనలు జరిగాయి గానీ పొగని, పేదరికాన్ని పక్కకి తీసి నీళ్ల వాటా ఎంతో విడదీయడం కష్టం. పైగా ఈ బెల్టులో ఎక్కువగా కనపడే వాటిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కూడా ఉంది. అది వచ్చేది వైరస్ వల్ల, మరణం దాకా వెళ్లేది సమయానికి పరీక్ష జరగక. దానికీ బొగ్గుకీ ఏం సంబంధం?

నేల గురించి భయపడాలనే ఉంటే భయపడాల్సింది మేము. రేడాన్ అనే వాయువు నేలలోంచి ఇళ్లలోకి చేరుతుంది. రంగుండదు, వాసనుండదు. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి సిగరెట్ తర్వాతి కారణం అదే, ఏడాదికి 21 వేల మరణాలని పర్యావరణ సంస్థ అంచనా. కెంటకీలో అది ఎక్కువగా ఉండేది సున్నపురాయి నేల ఉన్న మధ్యభాగంలో. అంటే లెక్సింగ్టన్ చుట్టూ, మనవాళ్లు ఇళ్లు కొనుక్కున్న "సేఫ్" కౌంటీల్లో. మ్యాపులో లేతరంగు చూసి ఇల్లు కొన్నవాళ్లలో బేస్‌మెంట్‌లో రేడాన్ టెస్ట్ చేయించినవాళ్లు ఎంతమంది? నేను ఆ టెస్ట్ కిట్ కొన్నది ఇల్లు కొన్న ఆరేళ్లకి.

"రక్తంలోనే ఉంది" అన్నమాట దగ్గరికొస్తే నాకు కోపం వచ్చింది. ఎందుకంటే ఇదే మాట మన వాళ్ల గురించీ ఎవరైనా అనగలరు. శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఉండేవాళ్లు. చుట్ట వెలిగించి, మండే కొసని నోట్లో పెట్టుకుని తాగడం. ఎక్కడా అంతగా కనపడని అంగిలి క్యాన్సర్ ఆ పల్లెల్లో మాత్రం కనపడుతోందని డాక్టర్లు 1960, 70ల్లోనే గమనించారు. జిల్లాలవారీ మ్యాపు గీస్తే అక్కడ ముదురు ఎరుపే పడేది. అది శ్రీకాకుళం రక్తమా? చుట్ట తిప్పి పెట్టుకోవడమా? చుట్ట మానేసిన ఇంట్లో కూతురికి ఆ జబ్బు వారసత్వంగా రాలేదే!

జపాన్ నుంచి హవాయికి, కాలిఫోర్నియాకి వలస వెళ్లినవాళ్ల కథ కూడా ఇలాంటిదే. ఒకటి రెండు తరాల్లో వాళ్లలో పొట్ట క్యాన్సర్ తగ్గింది, పెద్దపేగు క్యాన్సర్ అమెరికావాళ్ల స్థాయికి పెరిగింది. రక్తం అదే, తిండీ బతుకూ మారాయి. మొత్తం క్యాన్సర్లలో పుట్టుకతో వచ్చిన జన్యుమార్పుల వల్ల వచ్చేవి 5 నుంచి 10 శాతమే. తూర్పు కెంటకీలోని ఓజ్లీ కౌంటీ ఆదాయం దేశంలోనే అట్టడుగు వరసలో, లూయివిల్ పక్కనున్న ఓల్డమ్ కౌంటీ ఆదాయం రాష్ట్రంలో అన్నిటికన్నా పైన. రక్తపరీక్షకన్నా ముందు ఆ రెండు అంకెలు చూడాలి.

"అక్కడ కొన్నాళ్లు ఉన్నా రిస్కే" అన్నదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. కౌంటీ రేటు అంటుకునే జబ్బు కాదు. సిగరెట్ ముట్టని ముప్పై ఏళ్ల అమ్మాయి కౌంటీ మారితే ఆ కౌంటీ సగటు వచ్చి ఆమె ఒంట్లో చేరదు. ఈ ఫార్వర్డ్ మొదట పెట్టిన మా బాబాయి రోజుకి ఆరు సిగరెట్లు కాలుస్తాడు. గ్రూపులో అనలేదు, ఇక్కడ అంటున్నాను. హైదరాబాద్‌లో కూర్చున్న ఆయన రిస్కు ముందు తూర్పు కెంటకీలోని పైక్‌విల్‌లో ఉండబోయే మా పిల్ల రిస్కు ఏపాటి?

ఇంక మిగిలింది "ఎన్నేళ్లైనా మారదు". ఫార్వర్డ్‌లో అన్నిటికన్నా తప్పు మాట ఇది.

మరణాల రేటు ఎక్కువంటే జబ్బు ఎక్కువమందికి రావడం ఒక్కటే కాదు, వచ్చింది ఆలస్యంగా బయటపడటం కూడా. పైక్‌విల్ నుంచి లెక్సింగ్టన్‌లోని యూనివర్సిటీ క్యాన్సర్ సెంటర్‌కి 140 మైళ్లు, కొండ దారి. పనికి సెలవు, పెట్రోలు, వెంట వచ్చే మనిషి, ఇవన్నీ కుదిరేసరికి గడ్డ ఆగదు కదా. 2014లో రాష్ట్రం మెడికెయిడ్‌ని, అంటే పేదలకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్‌ని, విస్తరించేదాకా అక్కడ చాలామందికి ఇన్సూరెన్సే లేదు.

పెద్దపేగు క్యాన్సర్ సంగతి చూడండి. 1999లో కెంటకీలో యాభై దాటినవాళ్లలో దానికి పరీక్ష చేయించుకున్నవాళ్లు మూడో వంతు, దేశంలో దాదాపు ఆఖరు స్థానం. ప్రాంతాలవారీగా కమిటీలు పెట్టి, ఊళ్లలో డాక్టర్ల చేత చెప్పించి, పదేళ్లలో దాన్ని మూడింట రెండు వంతుల దగ్గరికి తెచ్చారు. కొలనోస్కోపీలో, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్షలో, కనపడిన బొడిపెని అక్కడికక్కడే తీసేస్తే క్యాన్సర్ మొదలే కాదు. కొత్త కేసులు తగ్గాయి, మరణాలు తగ్గాయి. అదే రాష్ట్రం, అదే నేల, అదే నీళ్లు, అదే రక్తం.

ఇప్పుడు అదే పని ఊపిరితిత్తులకి జరుగుతోంది. 50 నుంచి 80 ఏళ్ల మధ్య ఉండి, రోజుకో ప్యాకెట్ చొప్పున ఇరవై ఏళ్లు తాగినంత లెక్క ఉండి, ఇంకా తాగుతున్నవాళ్లకి, పదిహేనేళ్లలోపు మానేసినవాళ్లకి ఏడాదికోసారి తక్కువ రేడియేషన్‌తో సీటీ స్కాన్. జాతీయ స్థాయి ట్రయల్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు మామూలు ఎక్స్‌రే తీసినవాళ్లకన్నా స్కాన్ తీసినవాళ్లలో 20 శాతం తగ్గాయి. ఈ స్కానింగ్‌లో కెంటకీ ఇప్పుడు దేశంలో ముందు వరసలో ఉంది. కాకపోతే ఆ స్కాన్ రాయాలంటే ఊళ్లో ఒక డాక్టరు ఉండాలి, "ఎన్నేళ్లు కాల్చారు?" అని తీరిగ్గా అడగాలి.

మా అక్క కూతురు చేసే పని అదే. జనరల్ ఫిజీషియన్. నిన్న ఫోన్ చేసి, "మామయ్యా, ఆ మ్యాపు నాకు కొంచెం క్లియర్‌గా ఉన్నది పంపుతావా, మా క్లినిక్‌కి ఏ కౌంటీల నుంచి వస్తారో చూసుకోవాలి" అంది. హద్దుల గడి ఉన్న పట్టికతో సహా పంపాను. జులైలో చేరుతోంది.