బల్ల మీది బిట్రగుంటకి చిన్నింజనే కావాలి

పోయిన సంక్రాంతికి విదేశం నుంచి ఊరెళ్లినప్పుడు, కావలిలో ఉండే మా అక్క మనవడికని ఒక బొమ్మ ఆవిరింజను తీసుకెళ్లాను. ఓ గేజ్‌ది (ఇంగ్లీషు ‘O’ అక్షరం పేరున్న బొమ్మ రైళ్ల సైజు), మూడు పట్టాల మీద నడిచేది, నడిమి పట్టా కరెంటుకి. ముందూ వెనకా చిన్న చక్రాలు లేకుండా ఆరు చక్రాలూ తోసే చక్రాలే ఉన్న షంటింగ్ ఇంజను, అంటే యార్డులో వ్యాగన్లని అటూ ఇటూ తోసి జతచేసేది. చేతిలోకి తీసుకుంటే బరువుగా, చూడముచ్చటగా ఉంది. ఎనిమిదో తరగతి చదివే మా వాడు మిద్దె మీద గదిలో, ఆరడుగుల పొడవు నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ బల్ల మీద మన నెల్లూరు జిల్లా బిట్రగుంట రైల్వే యార్డు నమూనా కడుతున్నాడు. పట్టాలూ వ్యాగన్లూ అంతకు రెండేళ్ల ముందు నేను పంపిన చిన్న సెట్టులోవి.

స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి కరెంటిచ్చాం. మొదటి మలుపులోనే ఇంజను ముక్కు బయటికి తిరిగి, వాడు అట్టతో కట్టిన సిగ్నల్ కేబిన్‌ని గీరేసింది. పట్టాలు చీలే పాయింటు దగ్గరికొచ్చేసరికి ఇంజను మెట్టు, పక్కనే మోటారు ఉండే డబ్బాకి తగిలి ఆగిపోయింది. అవి సర్దుకోవచ్చు. నాకు మనసుకి పట్టింది ఇంకొకటి. ఇంజన్ని వ్యాగన్లకి తగిలించి, బల్ల అంచుకి కళ్లు ఆనించి పక్కనుంచి చూశాం. ఇంజను క్యాబ్, అంటే డ్రైవరు నిలబడే గది, వ్యాగన్ల కప్పు మీద బొటనవేలంత ఎత్తున నిలబడింది. దూడల మందకి ముందు దున్నపోతుని కట్టినట్టుంది. వాడు చాలాసేపు చూసి, "తాతా, ఇది మన యార్డులోది కాదు" అన్నాడు.

"ఓ గేజ్ అయితే చాలు, ఓ గేజ్ పట్టాల మీద ఏదైనా నడుస్తుంది" అని అమ్మినతను చెప్పిన మాట నమ్మి కొన్నాను. ఇక్కడి మన తెలుగువాళ్ల అసోసియేషన్‌లో రిటైరయ్యాక ఈ బొమ్మ రైళ్ల మీద పడ్డవాళ్లు, పిల్లల కోసం కొంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు ఇదే పొరపాటు చెయ్యకూడదని ఇది రాస్తున్నాను.

గేజ్ అంటే పట్టాల మధ్య దూరం. స్కేలు అంటే అసలు ఇంజన్ని ఎన్నో వంతుకి తగ్గించారన్నది. ఓ గేజ్‌లో బయటి రెండు పట్టాల మధ్య దూరం 32 మిల్లీమీటర్లు. కానీ ఆ పట్టాల మీద నడిచే బళ్లన్నీ ఒకే వంతువి కావు. కొన్ని కచ్చితంగా నలభై ఎనిమిదో వంతు. అందులో 40 అడుగుల అమెరికన్ బాక్స్‌కార్ (మూసి ఉండే గూడ్సు వ్యాగన్) సరిగ్గా పది అంగుళాలు వస్తుంది. ఇంకొన్ని అంతకంటే పొట్టివి, సన్ననివి, చిన్న మలుపుల కోసం కుదించినవి. ఈ తేడా కొత్తదేం కాదు. 1939లో లయొనెల్ అనే అమెరికా బొమ్మ రైళ్ల కంపెనీ పెన్సిల్వేనియా రైల్‌రోడ్ బి6 ఇంజన్ని చూసి పూర్తి స్కేలు షంటింగ్ ఇంజను తెచ్చింది. ఆ మరుసటేడే 27 అంగుళాల చిన్న మలుపులకి (చుట్టు మొత్తాన్ని అడ్డంగా కొలిస్తే వచ్చే కొలత) సరిపడేలా నాలుగు చక్రాల చిన్నింజను కూడా తెచ్చింది. అంటే, ఒక్క ఇంజను అన్ని బల్లలకీ సరిపోదని తయారుచేసేవాళ్లకి ఎనభై ఏళ్ల కిందటే తెలుసు.

కాబట్టి నా మాట ఇది: ఇంజన్ని ముందు కొని దానికి బల్ల వెతక్కండి. మీ బల్లనీ, మీ మలుపునీ, మీ దగ్గరున్న వ్యాగన్లనీ ముందు చూసుకుని వాటికి తగ్గ ఇంజన్ని తెచ్చుకోండి. పెద్ద బేస్‌మెంట్ ఉండి 72 అంగుళాల మలుపులు వెయ్యగలిగితే పూర్తి స్కేలు ఇంజను, పూర్తి స్కేలు వ్యాగన్లు కొనుక్కోండి, అంతకంటే అందం లేదు. చోటు లేకపోతే రెండూ చిన్నవే తీసుకోండి. సగం అదీ సగం ఇదీ మాత్రం వద్దు.

మన లైను కట్టుకునేవాళ్లకి ఇంకో సంగతి ఉంది. ఇది నాకు మా వాడి బల్ల దగ్గరే తట్టింది. అమెరికాలో అసలు పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. నలభై ఎనిమిదో వంతుకి తగ్గిస్తే 30 మిల్లీమీటర్లలోపే వస్తుంది. అంటే ఓ గేజ్ పట్టాలు వాళ్ల ఇంజన్లకే కాస్త వెడల్పు. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. దాన్ని అదే వంతుకి తగ్గిస్తే దాదాపు 35 వస్తుంది. ఇప్పుడు ఓ గేజ్ పట్టాలు మనకి ఇరుకైపోతాయి, ఇంజను కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డట్టుంటుంది. అదే యాభై రెండో వంతుకి తగ్గించి చూడండి, 32 దగ్గర సరిగ్గా కుదురుతుంది. స్కేలు తప్పిందని గట్టి అభిరుచి ఉన్నవాళ్లు పక్కన పెట్టే ఆ కాస్త చిన్న సైజు బళ్లే మన బిట్రగుంటకి నిజానికి దగ్గర! హెచ్‌ఓ అనే ఇంకా చిన్న సైజులో (ఎనభై ఏడో వంతు) కట్టేవాళ్లకీ ఈ ఇబ్బంది ఉంది. అక్కడ మన గేజ్ 19 మిల్లీమీటర్లు దాటాలి, దొరికే పట్టాలు పదహారున్నర.

స్కేలు చూసుకోవడానికి లెక్కలు రానివాళ్లకి ఒక సులువు చెప్తాను. 1676 మిల్లీమీటర్లంటే ఐదడుగుల ఆరంగుళాలు, అంటే మనలో ఒక మామూలు మనిషి ఎత్తు. మా నాయన సరిగ్గా అంతే ఉండేవాడు. బిట్రగుంట యార్డులో పాయింట్స్‌మన్‌గా చేశాడు. బల్ల మీద మనిషి బొమ్మని పట్టాలకి అడ్డంగా పడుకోబెడితే తల ఒక పట్టాకి, కాళ్లు ఇంకో పట్టాకి ఆనాలి. మా వాడు మైనంతో 32 మిల్లీమీటర్ల మనిషిని చేశాడు, ఒక చేతిలో ఎర్ర జెండా, ఇంకో చేతిలో పచ్చ జెండా. ఆ మనిషిని నేను తెచ్చిన ఇంజను పక్కన నిలబెడితే క్యాబ్ మెట్టు వాడి నడుము దాటింది. అంత ఎత్తు మెట్టెక్కి ఎవరూ డ్యూటీ చెయ్యలేరు.

బిట్రగుంట సంగతి మన జిల్లావాళ్లకి చెప్పక్కర్లేదు. కావలికీ నెల్లూరుకీ మధ్య, బోగోలు మండలంలో ఉన్న ఆ ఊరికి పేరొచ్చిందే లోకో షెడ్డు వల్ల, యార్డు వల్ల. 1980 నాటికి విజయవాడ–గూడూరు లైనుకి కరెంటొచ్చింది. బొగ్గింజన్లు పోయాయి, వాటితో పాటు రైల్వే కాలనీలో సందడీ పోయింది. నా చిన్నప్పుడు మెయిన్ లైను మీద పెద్దింజన్లు వచ్చి పోయేవి. రాత్రంతా మేలుకుని ఉండేది మాత్రం షంటింగ్ ఇంజనే. నాలుగడుగులు ముందుకి, ఆరడుగులు వెనక్కి. వ్యాగన్ని తోసి వదిలితే బఫర్లు ఒకదాని మీద ఒకటి దడదడదడమని మోగుకుంటూ యార్డు చివరిదాకా పోయేవి. ఆ చప్పుడు ఆగితే మా అమ్మ నిద్రలో లేచి, "ఏందబ్బా, ఇంజనాగిపోయింది" అనేది.

చిన్న బల్లకి షంటింగ్ ఇంజను కన్నా మంచిది లేదని నేననడానికి కారణం అదే. మన బ్రాడ్‌గేజ్‌లో అతి గట్టి మలుపు వ్యాసార్థం 175 మీటర్లు. యాభై రెండో వంతుకి తగ్గించినా ఆ చుట్టు పూర్తిగా తిరగడానికి 22 అడుగుల గది కావాలి. మనం వేసేది 27 అంగుళాల చుట్టు. దాని మీద పెట్టెలు తగిలించి ఎక్స్‌ప్రెస్ నడిపితే ఇంజను తన చివరి పెట్టె వెనకే పడుతుంది. అదే యార్డు కడితే నాలుగు పాయింట్లు, ఆరు వ్యాగన్లు, ఒక ఇంజను చాలు. వ్యాగన్లు నాలుగు చక్రాలవైతే మరీ మంచిది. పొట్టివి కాబట్టి చిన్న మలుపులో ఇబ్బంది పెట్టవు, ఆ రోజుల్లో మన యార్డుల నిండా ఉన్నవీ అవే. అసలు షంటింగ్ ఇంజన్ల బరువంతా తోసే చక్రాల మీదే ఉంటుంది, అందుకే మెల్లగా ఎంతైనా లాగుతాయి. కొన్ని అమెరికన్ రకాల్లో డ్రైవరుకి వెనక కనపడాలని టెండరుని (ఇంజను వెనకుండే బొగ్గు, నీళ్ల బండి) వెనక్కి వాలుగా కట్టారు. అలాంటిది పొట్టి బల్ల మీద ఎంత బాగుంటుందో ఒక్కసారి చూడండి.

కొనేముందు ఇంకొక్క పని చెయ్యండి. ఇంజను పొడవు, వెడల్పు కనుక్కుని అంతే అట్టముక్క కత్తిరించండి. మొదటి చక్రాల జత, చివరి చక్రాల జత ఎక్కడొస్తాయో అక్కడ మధ్యలో రెండు గుండుసూదులు గుచ్చండి. ఆ రెండూ పట్టాల నడిమధ్యలోనే ఉండేలా అట్టని మలుపు చుట్టూ నెమ్మదిగా జరపండి. మూలలు ఎంత బయటికి వస్తాయో, నడుము ఎంత లోపలికి వస్తుందో కంటికే కనపడుతుంది. నేనీ పని ముందే చేసుంటే సిగ్నల్ కేబిన్ మిగిలేది.

పెద్దింజన్ని వెనక్కి తెచ్చేశాను. ఇక్కడ ఒక స్నేహితుడి బేస్‌మెంట్‌లో దానికి తగ్గ వ్యాగన్ల ముందు అది హాయిగా తిరుగుతోంది. ఈ డిసెంబర్‌లో కావలికి చిన్నది, వాలు టెండరుది తీసుకెళ్తున్నాను. సూట్‌కేసులో సర్దేముందు దాని క్యాబ్ ఎత్తు కొలిచి మా వాడికి వాట్సాప్‌లో పంపాను. వాడు వ్యాగన్ పక్కన కొలబద్ద పెట్టి ఫోటో తీసి పంపాడు. "రెండు మిల్లీమీటర్లే తేడా తాతా, తీసుకురా" అన్నాడు.